దీర్ఘకాలిక జబ్బుతో ఏడాది సెలవు తర్వాత ఉద్యోగంలో చేరుతున్నాను. మొదటి రోజు నుంచే పూర్తి సమయం పనిచేయవచ్చా?

వీలైతే వద్దు. జబ్బు అదుపులోకి రావడం వేరు, ఎనిమిది గంటలు పనిచేసే సత్తువ రావడం వేరు. నెలల తరబడి విశ్రాంతిలో ఉంటే కండరాల బలం, ఓర్పు తగ్గుతాయి. ప్రయాణం, నలుగురితో మాట్లాడటం కూడా శ్రమేనని చేరాకగానీ తెలియదు.

రోజుకు మూడు నాలుగు గంటలతోనో, వారానికి రెండు మూడు రోజులతోనో మొదలుపెట్టి, ఒంటి తీరు చూసుకుంటూ పెంచండి. సాయంత్రానికి బాగానే ఉన్నా అసలు లెక్క తేలేది మర్నాడు, ఆ మర్నాడు. విశ్రాంతి తీసుకున్నా తీరని తీవ్ర అలసట ఉండే క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్‌లో అయితే శ్రమ దెబ్బ తరచూ 12 నుంచి 48 గంటల తర్వాత బయటపడుతుంది. హుషారుగా ఉన్న రోజున పేరుకుపోయిన పనంతా లాగేద్దామనిపిస్తుంది. దయచేసి ఆగండి, మళ్లీ మంచం పట్టేది చాలాసార్లు అలాగే.

రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్నవాళ్లకు పొద్దున కీళ్లు బిగుసుకుపోతాయి కాబట్టి కాస్త ఆలస్యంగా మొదలయ్యే వేళలు అడగడం మేలు.

పై అధికారికి జబ్బు చరిత్రంతా చెప్పనక్కర్లేదు. ఏం చేయగలరు, ఏది కుదరదు, ఎన్ని వారాలకు మళ్లీ చూడాలి అన్నవి డాక్టరు చేత రాయించి ఇస్తే చాలాచోట్ల సరిపోతుంది.