పనిముట్ల ప్రశ్నలు: మడత చాకుకు కొత్త పిడి

ప్రశ్న: నా మడత చాకు పిడి ప్లాస్టిక్‌ది, గీతలు పడి పాడైంది. ఇంట్లోనే చెక్క పిడి చేసుకోవచ్చా?

జవాబు: పిడి స్క్రూలతో బిగించి ఉంటే నిక్షేపంగా చేసుకోవచ్చు. రివెట్లు కొట్టి ఉంటే మాత్రం మొదటిసారికి వద్దు. పాతవి తొలిచి కొత్తవి సుత్తితో అణచడానికి చెయ్యి తిరిగి ఉండాలి.

విప్పే ముందు పదును అంచు మీద రెండు పొరల మాస్కింగ్ టేపు వేయండి. చాలా చాకులకు టీ6, టీ8 టార్క్స్ బిట్లు (నక్షత్రం ఆకారపు మొన ఉన్నవి) సరిపోతాయి. బిట్ అడుగుదాకా దిగాకే తిప్పాలి, పైపైన తిప్పితే స్క్రూ తల అరిగిపోతుంది. కదలకపోతే మరల్లో జిగురు ఉన్నట్టే. బలం పెట్టకండి. సోల్డరింగ్ ఐరన్ మొనను స్క్రూ తల మీద అర నిమిషం ఆనించి, వేడి మీదే తిప్పండి. చుట్టూ ప్లాస్టిక్ ఉంటే కొద్దికొద్దిగా వేడి చేయాలి, లేకపోతే కరుగుతుంది. ఏ వాషర్ ఏ పక్కదో ఫోటో తీసుకోవడం మరవకండి.

చెక్క గట్టిది, బాగా ఎండినది కావాలి. పచ్చిదనం మిగిలితే కొన్నాళ్లకు వంకరపోయి లోపలి ఉక్కు రేకు నుంచి ఎడమవుతుంది. గాజు పలక మీద 120, తర్వాత 220 నంబరు ఎమెరీ పేపరు పరిచి, చెక్క వెనకవైపు చదును చేయండి. పాత పిడి పలకను డబుల్ టేపుతో చెక్క మీద అంటించి, చుట్టూ గీత గీసి, ముందు రంధ్రాలు వేయండి, ఆ తర్వాతే ఆకారం కోయండి. ఆకారం ముందే కోసేస్తే, రంధ్రం అర మిల్లీమీటరు తప్పినా సర్దుకునే చోటు ఉండదు. కింద పనికిరాని చెక్క ముక్క పెడితే రంధ్రం అంచులు పెళ్లలు లేవవు. గీతకు ఒక మిల్లీమీటరు బయటే కోసి, మిగతాది ఆకురాయితో దించాలి. తెరిచిన బ్లేడు మూసుకోకుండా పట్టి ఉంచే లాక్ రేకు మీద బొటనవేలు ఆనే గంటును పాత పలకలో ఉన్నట్టే ఉంచండి.

ఎక్కువమంది తప్పేది స్క్రూ తల కూర్చునే గుంట దగ్గర. పాత పలకలో ఆ గుంట కింద ఎంత మందం మిగిలిందో కాలిపర్‌తో కొలవండి. కొత్త దానిలోనూ సరిగ్గా అంతే మిగలాలి. అంతకంటే పలచనైతే స్క్రూ కొన లోపలికి పొడుచుకొచ్చి బ్లేడును గీరుతుంది. మందమైతే ఒకటి రెండు మర చుట్లే పట్టుకుంటాయి, వాడుకలో ఊడిపోతుంది. తల అడుగు చదునుగా ఉంటే గుంట అడుగూ చదునుగా ఉండాలి. ఏటవాలు తల ఉన్న స్క్రూను అతిగా బిగిస్తే అది మేకులా చీల్చుకుంటూ దిగి చెక్కను పగలగొడుతుంది.

నునుపుకు 220, 320, 400 వరుసగా వాడండి. తడి గుడ్డతో తుడిస్తే నూగు లేస్తుంది, అది ఆరాక మళ్లీ 400తో రుద్దండి. ఆపైన అవిసె నూనె పలచగా మూడు పూతలు, పూతకూ పూతకూ మధ్య కనీసం ఒక రోజు. నూనె గుడ్డలను ఉండచుట్టి పడేయకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టండి.

ప్రశ్న: చెక్కకు బదులు జీ10 వాడితే?

జవాబు: వంకరపోదు, తడికి చెడదు, పనీ ఇదే. కానీ అది గాజు పీచు, ఎపాక్సీ కలిసిన పలక. దాని దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. నీళ్లతో తడుపుతూ రుద్దండి, ఎన్95 మాస్కు లేకుండా ముట్టుకోకండి.

ప్రశ్న: తిరిగి బిగించాక బ్లేడు పక్కలకు ఊగుతోంది. బిగిస్తే తెరుచుకోవడం లేదు.

జవాబు: వాషర్ల కింద పొట్టు చిక్కిందేమో ముందు చూడండి. కంచు వాషర్లయితే గాజు మీద పరిచిన 2000 నంబరు పేపరుపై వేలితో నాలుగు చుట్లు తిప్పి, తుడిచి, పలచని నూనె ఒక చుక్క వేయండి. బ్లేడు తిరిగే ఇరుసు స్క్రూను ఒకేసారి బిగించేయకుండా, చుట్టులో ఎనిమిదో వంతు చొప్పున తిప్పుతూ ప్రతిసారీ తెరిచి చూడండి. ఊగడం ఆగి, తెరవడం తేలికగా ఉన్న చోటు దొరికాక విప్పి, మరల మీద నీలం రంగు థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) సూదిమొనంత పెట్టి అక్కడికే బిగించండి. ఆ జిగురు వాషర్లకు తగిలితే బ్లేడు పట్టేస్తుంది. 24 గంటలు కదపవద్దు. ఎరుపు రంగుది వద్దే వద్దు, గట్టిగా వేడి చేస్తే తప్ప ఊడదు.

బ్లేడు పైకీ కిందికీ కదులుతుంటే అది ఇరుసు బిగింపుతో పోదు, లోపం లాక్‌లోనో, బ్లేడును తెరిచిన చోట ఆపే పిన్నులోనో ఉంది. లాక్ ముఖాన్ని మాత్రం ఆకురాయితో ముట్టుకోకండి. ఆ వాలు కొద్దిగా మారినా బ్లేడు వేళ్ల మీదికి మూసుకుంటుంది. చేసిన కంపెనీకే పంపించండి.

ప్రశ్న: బ్లేడును మంట మీద కాల్చి నీలం రంగు తెప్పించవచ్చా?

జవాబు: వద్దు. ఉక్కు నీలంగా మారేది దాదాపు 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర. ఆ వేడికి చాలా రకాల ఉక్కు గట్టిదనం తగ్గి పదును నిలవదు. కార్బన్ ఉక్కు బ్లేడైతే, జిడ్డు అసిటోన్‌తో తుడిచి, గోరువెచ్చని తెల్ల వెనిగర్‌లో 20 నిమిషాలు ఉంచండి, బూడిద రంగు వస్తుంది. తీసి వంటసోడా నీళ్లలో కడిగి, ఆరబెట్టి, నూనె రాయండి. వేలిముద్ర పడిన చోట మచ్చ మిగులుతుంది కాబట్టి గ్లవ్స్ వేసుకోండి. స్టెయిన్‌లెస్ బ్లేడు మీద ఇది పట్టదు.

రంగే కావాలంటే జేబుకు తగిలించే క్లిప్ టైటానియంది అయిన చాకుకు వేరే దారి ఉంది. 9 వోల్టుల బ్యాటరీలు మూడు వరుసగా కలిపి, పాజిటివ్ తీగ క్లిప్‌కు, నెగటివ్ తీగ స్టెయిన్‌లెస్ రేకుకు తగిలించి, రెండింటినీ ఒకదానికొకటి తగలకుండా వంటసోడా నీళ్లలో ముంచండి. కొన్ని సెకన్లలోనే నీలం వస్తుంది. రంగును నిర్ణయించేది వోల్టేజి, ఎక్కువసేపు ఉంచినంత మాత్రాన ముదరదు. తీగ కొన నీళ్లకు తగలకూడదు, క్లిప్‌కు ఉక్కు స్క్రూలేవీ ఉండకూడదు.