మీ అమ్మని మెట్లెక్కించే ముందు ఇది చదువు

నాన్నా చిన్నీ, అమ్మని అలిపిరి నుంచి నడిపించి కొండకి తీసుకెళ్తున్నావని నీ చెల్లి ఫోన్లో చెప్పింది. ఎప్పటిదో మొక్కు నువ్వు గుర్తుపెట్టుకున్నావని తెలిసి కళ్లల్లో నీళ్లొచ్చాయిరా, కానీ రాత్రంతా నిద్ర పట్టలేదు. దానికి 68 దాటాయి. నీళ్లు, బీపీ మాత్రలు, తెల్లారకముందే బయల్దేరడం ఇవన్నీ నీకు తెలిసినవే. నా భయమంతా దాని ఊపిరి గురించే.

మీ పెదనాన్న సంగతి నీకెవరూ పూర్తిగా చెప్పలేదు. గాలిగోపురం దాకా నిటారుగా ఉంటుంది కదా, అక్కడే ఆయన కుర్రాళ్లతో సమానంగా ఎక్కేశారు, ఎక్కడా కూర్చోలేదు. ఆయాసంగా ఉందా అంటే లేదనేవారు. అబద్ధం కాదురా అది, వయసు మీదపడ్డాక రక్తంలో ఆక్సిజన్ తగ్గినా ఒళ్లు మునుపటిలా గట్టిగా హెచ్చరించదంట, డాక్టర్ తర్వాత చెప్పారు. గాలిగోపురం దాటాక దారి చదునుగా ఉంటే ఇంక ఫర్లేదనుకున్నాం, తీరా మోకాళ్ల పర్వతం దగ్గరికొచ్చేసరికి పెదాలు నీలంగా అయిపోయి కూలబడ్డారు. రోడ్డు దగ్గర్లోనే ఉండబట్టి బండి దొరికింది, మనిషి దక్కాడు.

ఊపిరితిత్తులు పాతికేళ్లకల్లా పూర్తి బలానికొస్తాయి, 35 దాటాక మెల్లగా తగ్గుతూ పోతాయి. పాత ఎలాస్టిక్ లాగా సాగుతాయి గానీ వెనక్కి రావు, అందుకే పీల్చిన గాలి పూర్తిగా బయటికి పోదు, పైగా పక్కటెముకలు బిగుసుకుపోతాయి. మీ అమ్మ అయితే పెళ్లైన కాడ్నించీ కట్టెల పొయ్యి పొగే పీల్చింది, గ్యాసు వచ్చిందెప్పుడు?

అందుకే ముందు స్పైరోమెట్రీ చేయించు, గొట్టంలో ఊదిస్తారే అదే. ఇప్పట్నుంచే రోజూ సాయంత్రం నడిపించు. శ్రీవారి మెట్టు అయితే 2388 మెట్లే కదా అని ఆశపడకు, అది ఇంకా నిటారు. దారిలో ఆయాసంగా ఉందా అని అడగొద్దు, ఉన్నా లేదనే అంటుంది మొండిది. గోవింద నామాలు చెప్పించు, నామం మధ్యలో ఊపిరి తెగిందా, అక్కడే కూర్చోబెట్టు. పెదాలు సున్నాలా పెట్టి మెల్లగా వదలమను. ఛాతీలో నొప్పన్నా కళ్లు తిరుగుతున్నాయన్నా మొక్కు మాట మర్చిపో, ఎవర్నైనా పిలిచి కిందికి దింపెయ్.

డాక్టర్ వద్దంటే బస్సులో తీసుకెళ్లు, దాని బదులు మెట్లు నువ్వెక్కు. అదేమైనా అంటే నాకు ఫోన్ ఇవ్వు, నేను మాట్లాడతా.

నీ పెద్దమ్మ