5.1 హోమ్ థియేటర్‌లో సరౌండ్ స్పీకర్లు వెనక గోడకు బిగించాలా, పక్కన పెట్టాలా?

పక్కనే పెట్టాలి (5.1 అంటే ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్, అంటే బేస్ బాక్స్; సరౌండ్ అంటే అందులో ముందు మూడూ పోగా మిగిలిన జత): మీరు కూర్చునే చోటుకు కుడి, ఎడమల్లో, చెవుల కంటే కొంచెం వెనక్కి. ఎదురుగా ఉన్న టీవీని సున్నా డిగ్రీలు అనుకుంటే, రెండు వైపులా 110 నుంచి 120 డిగ్రీల మధ్య అన్నమాట.

కారణం మన చెవులే. పక్క నుంచి వచ్చే శబ్దం ఒక చెవికి ముందుగా, కాస్త గట్టిగా చేరుతుంది, రెండో చెవికి ఆలస్యంగా. ఆ తేడాను బట్టే దిక్కు పోల్చుకుంటాం. సరిగ్గా వీపు వెనక నుంచి వచ్చే శబ్దం రెండు చెవులకూ ఒకేసారి చేరుతుంది కాబట్టి అది ముందు నుంచో, వెనక నుంచో తెలియక మెదడు తికమకపడుతుంది.

ఉదాహరణకు హాలు వెడల్పు 10 అడుగులు, సోఫా మధ్యలో ఉందనుకోండి. కూర్చున్నప్పుడు చెవులు ఉండే చోటు నుంచి పక్క గోడ మీద సుమారు 2 అడుగులు వెనక్కి జరిపి, చెవి ఎత్తుకో, అంతకు ఒకటి రెండడుగులు పైనో బిగిస్తే సరి. మన ఇళ్లలో సోఫా తరచూ వెనక గోడకే ఆనుకుని ఉంటుంది, ఆ 2 అడుగులు ఎక్కడ దొరుకుతాయి? అప్పుడు తిన్నగా చెవుల పక్కనే పెట్టండి, పెద్ద నష్టం లేదు.

సరౌండ్ అంటే వెనక స్పీకర్లే అన్నది చాలామంది అపోహ. వెనక జత 7.1లో (ఏడు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ ఉండే అమరికలో) వస్తుంది, అదీ పక్క జతకు అదనంగానే. స్పీకర్లను వెనక మూలల్లో సీలింగ్ కింద వేలాడదీయడం ఈ అపోహ వల్లే.