పేరు పెట్టి పిలువు బిడ్డా

హనుమకొండ

బిడ్డా,

రాత్రి మీ నాయిన ఫోన్ చేసిండు. "అక్కా, నీ మేనకోడలు మ్యూజియంల పిల్లలకు ఎండకాలం బొమ్మల క్యాంపు పెడుతదట. పది రోజులట, నలభై మంది పిల్లలట" అని చెప్తుంటే వాని గొంతుల సంబురం ఆగుతలేదు. నాకూ ముందు సంబురమే అయింది. ముప్పై ఏండ్లు సర్కారు బడిల డ్రాయింగ్ చెప్పిన దాన్ని. మన ఇంట్ల ఇంకొకరు కుంచె పట్టిండ్రంటే నాకెట్లుంటదో నీకు ఎరుకనే. ఫోన్ పెట్టేసినంక మాత్రం నిద్ర రాలే. నలభై అన్న మాటనే చెవుల తిరిగింది. అందుకే తెల్లారంగనే కాయితం తీసిన. ఫోన్ల చెప్తే "సరే అత్తా, సరే అత్తా" అని పెట్టేస్తవు. కాయితమైతే మళ్లొకసారి చదువుకుంటవు.

నలభై వద్దు. ఇరవై అయిదు చాలు. నీకు తోడు ఇంకిద్దరు పెద్దోళ్లు ఉండాలె.

పొద్దున ఏడున్నరకు మొదలుపెట్టు, పదిన్నరకు ఇండ్లకు తోలు. హైదరాబాదుల చదువుకొని మన ఓరుగల్లు ఎండను మర్చిపోయినవేమో. మే నెలల పదకొండు దాటితే బండలు పెనం లెక్క కాలుతయ్. కుండ నీళ్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, తల్లిదండ్రుల నంబర్లు, మ్యూజియం వాళ్ల దగ్గర రాయించుకున్న పర్మిషన్. ఇవి నీకు తెలిసినయే.

లోపలి గదులల్ల పెన్సిలు, అట్ట, కాయితం, అంతే. నీళ్ల రంగులు వరండాలనే. ఒక్క గ్లాసు ఒరిగితే ఎనిమిది వందల ఏండ్ల రాయి మీద మరక పడుతది, ఆ మరక తుడిచేటోళ్లు మనకు దొరకరు. "ముట్టుకోవద్దు" అని అరుస్తే పిల్లలు ఇంకింత ముట్టుకుంటరు. ముట్టుకునేతందుకు వేరే ఇయ్యాలె. ఎర్ర ఇసుకరాయి ముక్క ఒకటి, నల్లరాయి ముక్క ఒకటి సంపాదించు. రామప్ప గుడి గోడలది ఎర్ర ఇసుకరాయి, మదనికలది, అంటే నాట్యమాడే ఆడోళ్ల శిల్పాలది, నల్లరాయి. రెండూ చేతుల పెట్టి, గోరుతోని గీకి చూడుమను. అద్దం లెక్క మెరిసేదాక నునుపు చేసిన ఆ మదనికలను నల్లరాయిలనే ఎందుకు చెక్కిండ్రో నువ్వు చెప్పే పని లేదు, వాళ్లే చెప్తరు. ఆ గుడి 1213లది అని, శిఖరానికి వాడిన ఇటుక నీళ్లల్ల తేలుతదని చెప్పు, కండ్లు ఇంతింత చేసుకుంటరు. అట్లని ఆ గుడి ఉన్న పాలంపేట దాక బస్సు మాత్రం పెట్టకు. 2021ల యునెస్కో గుర్తింపు వచ్చినకాడి నుంచి అందరికీ అక్కడికే పోవాలని ఉన్నది. పిల్లలను చలికాలం తోలుకపో.

అన్ని చూపియ్యాలని ఉరికించకు. ఒక్కో పిల్ల ఒక్క బొమ్మ ముందట అరగంట కూసుంటే చాలు.

చేర్యాల నుంచి నకాషి బొమ్మలు, అంటే గుడ్డ పటాల మీద కథల బొమ్మలు, వేసేటోళ్లను తప్పకుండ పిలువు. వాళ్ల కూలి, బస్సు కిరాయి ముందుగాల్నే చేతుల పెట్టు. పిల్లలతోని మొదటి రోజే గుడ్డ తయారు చేయించు. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపి పూయాలె, ఒక పూత ఆరినంకనే ఇంకో పూత. చింతగింజలు ముందురోజు రాత్రే నానబెట్టు. బొమ్మ గీసుడు మూడో రోజు. "ఇంకెప్పుడు అత్తా" అని నువ్వే అడుగుతవు, నాకు తెలుసు. గుడ్డ ఆరే లోపట కొబ్బరి చిప్పల మీద మాస్కులు చేయించు.

ఆ పటాలను నేను మొదట చూసింది మ్యూజియంల కాదు బిడ్డా, మన కొత్తవాడల. పగలంత దర్రీలు, అంటే జంపఖానాలు, నేసే మగ్గాల చప్పుడు. ఒక రాత్రి కూనపులి వాళ్లు వచ్చిండ్రు, మన పద్మశాలోళ్లకు మార్కండేయ పురాణం చెప్పేటోళ్లు. వాడకట్టు వాడకట్టంత చాపలు వేసుకొని కూసున్నరు. మీ తాత నన్ను భుజం మీద ఎత్తుకున్నడు. లాంతరు వెలుగుల ఆ ఎర్ర పటం జరజర విప్పుకుంట వస్తుంటే, ముందట ఏం బొమ్మ వస్తదో అని ఊపిరి బిగబట్టి చూసిన. సగం కథకే నిద్రపోయిన. తెల్లారి మగ్గం గుంతల కూసొని నేసుకుంటనే మీ తాత మిగిలిన కథంత చెప్పిండు. నేను డ్రాయింగ్ టీచరు అయింది ఆ పటం వల్లనా, మీ తాత వల్లనా అంటే ఇప్పటికీ చెప్పలేను. కొత్తవాడల ఇప్పుడూ దర్రీలు నేసేటోళ్లు ఉన్నరు. మిగిలిన నూలు ముక్కలు అడుగు, పిల్లలకు అంతకంటే మంచి రంగులు దుకాణంల దొరకవు.

ఇగ కోట సంగతి. ఒక రోజు ఖిలా వరంగల్‌కు తోలుకపోతవని మీ నాయిన చెప్పిండు. నాకు నిద్ర రాంది అందుకే.

1998, మే నెల. నేనూ ఒక క్యాంపు నడిపిన. ముప్పై ఒక్క మంది పిల్లలు, ఒక బస్సు, పెద్దదాన్ని నేనొక్కదాన్నే. నాలుగు తోరణాల నడుమ శిల్పాలు కింద పడి ఉంటయ్ కదా, అక్కడ తలా ఒక రాయి చూపిచ్చి కూసోబెట్టిన. పదిన్నరకు అందరిని వరుసల నిలబెట్టి సల్ల పోసిన. తలలు లెక్కపెట్టిన. ముప్పై ఒక్కటి. "ఎక్కుండ్రి" అన్న. బస్సుల మళ్ల లెక్కపెట్టలే. ఇప్పుడే పెట్టిన కదా అనుకున్న.

కోట లోపల ఊరున్నది. ఆ ఊరి పిలగాడొకడు సల్ల కోసం మా వరుసల నిలబడ్డడు. తాగిండు, ఇంటికి ఉరికిండు. నా లెక్కల ముప్పై ఒకటోడు వాడే.

బడి దగ్గర దిగినంక అందరు పిల్లలు పోయిండ్రు. గేటు దగ్గర ఒక తల్లి నిలబడి ఉన్నది, బీడీలు చేసే ఆమె. "టీచర్, మా పిల్ల ఏది?" అన్నది. ఆ ఒక్క మాటకు నా కాళ్లు సల్లబడ్డయ్. అప్పుడు నా దగ్గర సెల్ ఫోన్ ఎక్కడిది. ఇద్దరం ఆటో ఎక్కినం. దారి పొడుగూత ఆమె నన్నొక్క మాట అనలే. తిట్టినా బాగుండు అనిపించింది.

పిల్ల పడిపోయిన ఒక పెద్ద దూలం చాటుకు, జానెడు నీడల కూసొని ఉన్నది. ఎనిమిదేండ్ల పిల్ల. మొఖం ఎర్రగయింది, పెదవులు ఎండినయ్. బస్సు పోయిన సంగతే దానికి తెల్వదు. నన్ను చూసి నవ్వి, "ఇంకొంచెమే ఉన్నది టీచర్" అన్నది.

నేను చెంప మీద కొట్టిన.

తల్లి కొట్టలే బిడ్డా, నేను కొట్టిన. నా తప్పుకు అది దెబ్బ తిన్నది. ఏడ్వలే. కాయితం నా చేతుల పెట్టి తల్లి కొంగు పట్టుకున్నది. తెల్లారి రాలే. నాలుగో రోజు వాళ్లింటికి పోయిన. తల్లి పీట వేసింది, నీళ్లిచ్చింది. పిల్ల తలుపు చాటు నుంచి బయటికి రాలే. ఆ క్యాంపుకు రాలేదు, మళ్ల ఏ క్యాంపుకూ రాలే.

ఆ కాయితం నా బీరువల ఉన్నది. రాయి మీద చెక్కిన హంసల బారు గీసింది. ఆ హంసల నడుమ నుంచి చీమల బారు పోతున్నది, ఒక్కో చీమ హంసంత ఉన్నది. ఆ తోరణాల దగ్గరికి ఎన్నిసార్లు పోయిన్నో లెక్క లేదు. ఆ చీమలు నాకు ఎన్నడూ కనబడలే.

అందుకని తలలు లెక్కపెట్టకు. రిజిస్టర్ పట్టుకొని పేరు పేరున పిలువు, "ఉన్న" అని ఆ పిల్ల గొంతే వినబడాలె. బస్సు ఎక్కకముందు ఒకసారి, ఎక్కి కూసున్నంక ఇంకోసారి. ఇద్దరిద్దరిని జోడి కట్టు, ఒకరు కనబడకుంటే ఇంకొకరు చెప్పాలె. అందరికంటే ఎనుక ఒక పెద్దమనిషి నడవాలె, రాళ్ల చాటుకు వంగి చూసుకుంట. కోట ఊరి పిల్లలు వస్తే తరమకు. వాళ్లకూ సల్ల పొయ్యి, కాయితం ఇయ్యి, పేర్లు రాసుకో. పది అట్టలు ఎక్కువనే పట్టుకపో. ఎవరన్న తప్పిపోయి దొరికితే ముందు దగ్గరికి తీసుకో, నీళ్లు తాపు. నీకూ నా కోపమే వచ్చింది, అందుకే ఇంత గట్టిగ చెప్తున్న. చిన్నప్పుడు రంగు బుడ్డి ఒలకపోసిండని తమ్ముణ్ని కొట్టి, సాయంత్రం దాక వాన్ని సంకల నుంచి దించకపోతివి, యాదికున్నదా?

ఆఖరు రోజు బొమ్మలన్నీ పెట్టు, ఒక్కటి కూడ ఆపకు. పిల్లల కండ్ల ఎత్తుకే తగిలియ్యి.

నేనూ వస్త. గేటు దగ్గర నీడకు ఒక కుర్చీ వేయించు, రిజిస్టర్ నాకియ్యి. మోకాళ్లు నొస్తున్నయ్ గని గొంతు మంచిగనే ఉన్నది. చింతగింజలు కొనకు. ఇంట్ల రెండు కిలోలు ఎండబెట్టి పెట్టిన. వచ్చేటప్పుడు తెస్త.

పైలం బిడ్డా.

నీ మేనత్త