ముహూర్తానికి 12 రోజులు తగ్గించాలంటే డబుల్ కూలీ ఎవరికివ్వాలి?

మీరు ఇక్కడ అడిగినదాని ప్రకారం, అమలాపురం దగ్గర మీ డాబాకి ఇంకా 70 రోజుల పని ఉంది, గృహప్రవేశానికి ఉన్నవి 58. అందరికీ డబుల్ కూలీ ఇస్తే లాగేద్దాం అంటున్నాడు మీ మేస్త్రి. ఒప్పుకోకండి. అలాంటి లెక్కలో నేనూ ఒకసారి పడ్డాను, ఒక రాతి మేస్త్రి పుణ్యమా అని బయటపడ్డాను.

కొన్నేళ్ల కిందట మధ్య డెల్టాలో ఓ పంట కాలవ మీద చిన్న కల్వర్టుకి సైట్ ఇంజినీరుగా చేశాను. మన వైపు ఈ పనులన్నీ వేసవిలో కాలవలు కట్టేసిన రోజుల్లోనే అవ్వాలి. సార్వాకి (వానాకాలం పంటకి) ధవళేశ్వరంలో నీళ్లు వదిలారంటే ఎక్కడి పని అక్కడే మునుగుతుంది. మాకు కావలసినవి 48 రోజులు, చేతిలో ఉన్నవి 40. పైగా దాళ్వా (రెండో పంట) కోతలు, మనుషులు దొరకరు. మా కాంట్రాక్టరు కూడా అన్ని పనుల్లోనూ రోజులు తగ్గించేయమన్నారు. లెక్క వేస్తే అదనం 58 వేలు తేలింది (అప్పటి రేట్లు).

ఒకదాని తర్వాత ఒకటిగా జరగాల్సిన పనులు ఇవి: అడ్డుకట్ట, ఊట తోడటం, తవ్వకం 8 రోజులు, పునాది, గోడలు 14, సెంట్రింగ్, స్లాబు 9, స్లాబు గట్టిపడే వరకు 14, చివర్లో అటూ ఇటూ మట్టి నింపడం 3. ఒక్కో పనిలో ఒక రోజు తగ్గించడానికి ఎంతవుతుందో రాసుకున్నాను. తవ్వకంలో పొక్లెయిన్, ఇంకో ఆయిల్ ఇంజను పెడితే రోజుకి 3 వేలు, అలా 3 రోజుల వరకు తగ్గుతుంది. స్లాబు పనిలో రోజుకి 4 వేలు, 2 రోజులు. మట్టి పనిలో 5 వేలు, ఒక్క రోజు. గోడల్లో 6 వేలు, 4 రోజులు. స్లాబు గట్టిపడే 14 రోజులు మాత్రం ఎంత డబ్బు పోసినా కదలవు. మా స్లాబు స్పాను (గోడకీ గోడకీ మధ్య దూరం) నాలుగున్నర మీటర్లు దాటింది, ఐఎస్ 456 (కాంక్రీటు పనులకి మన దేశ ప్రమాణం) ప్రకారం కింద పోట్లు (స్లాబుని మోసే ఊతాలు) 14 రోజులు ఉంచాల్సిందే.

తవ్వకంలో 3, స్లాబులో 2, గోడల్లో 3 రోజులు తీసేస్తే 8 అయ్యాయి, 35 వేలు. మట్టి పని ఎలాగూ చివర్లో చూసుకోవచ్చులే అని వదిలేశాను. కాగితం చూసి మురిసిపోయాను కూడా.

పక్క గోడలు, రివిట్‌మెంట్ (గట్టుకి రాతి కట్టడం) చేసే రాతి మేస్త్రి ఆ కాగితం చూసి, "తవ్వకం అయ్యాక నాకు 35 రోజులు పడతాయండి, మీ స్లాబు ముందే అయితే నాకేంటి?" అన్నాడు. నిజమే. ఆయన దారి, అంటే తవ్వకం 8, రాతి పని 35, మట్టి పని 3 కలిపి 46 రోజులు. మొదట్లో 2 రోజులు వెసులుబాటు ఉందని దాన్ని పట్టించుకోలేదు. నా లెక్క ప్రకారం పోతే తవ్వకంలో తగ్గిన 3 రోజులే ఆయనకి కలిసొస్తాయి, మొత్తం పని 43 రోజుల్లో ఆగుతుంది. గోడల మీద పెట్టే 18 వేలూ కాలవలో పోసినట్టే.

మళ్లీ మొదటి నుంచి వేశాం. తవ్వకంలో 3 రోజులు, 9 వేలు. స్లాబులో 2 రోజులు, 8 వేలు. ఇక్కడికి రెండు దారులూ 43 దగ్గర సమానమయ్యాయి. ఇక ఒక్క దారిలో తగ్గించి లాభం లేదు. మట్టి పని రెండు దారులకీ ఉమ్మడి కాబట్టి ముందు అది, 5 వేలతో ఒక రోజు. మిగిలిన 2 రోజులకి గోడలు 6 వేలు, రాతి పని 2 వేలు, రెండూ కలిపి రోజుకి 8 వేలు. మొత్తం 38 వేలకి 40 రోజులు. ఆ 8 రోజుల ఇంజను అద్దె, డీజిలు, కాపలా మిగిలాయి, రోజుకి పదిహేను వందలు వేసుకున్నా 12 వేలు వెనక్కి వచ్చినట్టే.

ఈ పద్ధతిని 1957 ప్రాంతంలో అమెరికాలో డ్యూపాంట్, రెమింగ్టన్ రాండ్ వాళ్లు కలిసి తయారు చేశారు, కాలేజీలో క్రిటికల్ పాత్ అని మాకూ చెప్పారు. పరీక్ష రాసి మర్చిపోయాను. రాతి మేస్త్రికి ఆ పేరే తెలియదు.

మీ ఇంటి సంగతికొస్తే, స్లాబు ఇంకా పోయకపోతే పోట్ల రోజులు తగ్గించమని ఎవరినీ అడక్కండి. నాలుగున్నర మీటర్ల లోపు స్పానుకి 7 రోజులన్నది మామూలు ఓపీసీ సిమెంటు మాట. పీపీసీ (బూడిద కలిపిన సిమెంటు) వాడుతుంటే ఇంకా ఆగాలి. ప్లాస్టరింగ్ తడి ఆరకుండా పుట్టీ పెట్టించకండి, ఊట నేలల్లో అది పొక్కులు లేవడానికి ఎంతోసేపు పట్టదు. వడ్రంగి తలుపులు, కిటికీలు షెడ్డులో ఈపాటికే మొదలుపెట్టి ఉంటే ఆయనకి డబుల్ ఇవ్వక్కర్లేదు. మొదలుపెట్టకపోతే మీ ఇంట్లో ఆ రాతి మేస్త్రి ఆయనే అవుతాడేమో చూసుకోండి. మేస్త్రిని కూర్చోబెట్టి, దేని తర్వాత ఏది, ఒక్కో పనిలో రోజు తగ్గించడానికి ఎంత అని రాయించండి. ఆ కాగితం ఇక్కడ పెడితే నేనూ చూస్తాను.