మామయ్యగారికి ఆ మాట చెప్పాల్సింది మీ ఆయనే

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లె. నాకు 32 ఏళ్ళు, జీఎన్ఎం నర్సింగ్ చదివాను. మా ఆయన దైవసేవకులు. 2018లో ఏడాది బాబుని ఎత్తుకుని మిషనరీలుగా ఆఫ్రికాలోని మలావి వెళ్ళాం. బ్లాంటైర్‌లో ఉన్నాం. పాప అక్కడే పుట్టింది. ఏడు నెలల కిందట తిరిగి వచ్చేసి అత్తగారింట్లో ఉంటున్నాం. మామయ్యగారు నలభై ఏళ్ళుగా పాస్టరు. బాబుకి ఇప్పుడు ఎనిమిదేళ్ళు. తెలుగులో అడిగితే చిచేవా భాషలో జవాబిస్తాడు. సండే స్కూలు అంటే ఏడుస్తాడు. "ఎలాగూ మళ్ళీ వెళ్తారుగా, ఇప్పుడు బడెందుకు" అని మామయ్యగారు వాణ్ణి ఎక్కడా చేర్పించనివ్వలేదు. సంఘంలో అందరూ ఎప్పుడు వెళ్తున్నారని అడుగుతుంటే టెన్షన్‌గా ఉంటోంది. మాకు మళ్ళీ వెళ్ళే ఆలోచన లేదు. నా ఆరోగ్యం బాగోక వచ్చామని అందరూ అనుకుంటున్నారు. నిజానికి అక్కడ తుపాను వచ్చినప్పటి నుంచి మా ఆయనకే నిద్ర లేదు. బాబుని తెలుగు మీడియంలో వేయాలా, ఇంగ్లీషు మీడియంలోనా? వాడికి త్వరగా తెలుగు రావాలంటే ఏం చేయాలి?

జవాబు:

అమ్మా, స్కూలు సంగతి ముందే తేల్చేస్తాను. మీడియం ఏదైనా ఒకటే. ఇంటికి దగ్గరగా ఉండి, పిల్లల్ని కసురుకోని టీచరు ఉన్న బడి చూసి ఈ వారమే చేర్పించు. ఏడాది తిరిగేసరికి వాడు మీ అత్తయ్యగారితో తెలుగులో పోట్లాడతాడు. ఆ వయసు పిల్లలకి భాష రావడం గురించి నాకు బెంగ లేదు. నా బెంగంతా నీ గురించీ, అంతకంటే ఎక్కువగా మీ ఆయన గురించీ.

నీ ఉత్తరం చాలా పెద్దది, ఇక్కడ కుదించి వేశాం. అందులో మూడొంతులు బాబు గురించే. మీ ఆయన మాట చివర్లో వచ్చింది, అదీ రెండు ముక్కల్లో. రాత్రి రేకుల మీద చినుకు పడితే చాలు, లేచి కిటికీ దగ్గర నిలబడతారని, తెల్లారేదాకా అక్కడి నుంచి కదలరని రాశావు. అక్కడ ఒక ఆదివారం వాక్యం చెబుతూ మధ్యలో బైబిలు మూసేసి బయటికి వెళ్ళిపోయారన్నావు. "అందుకే వచ్చేశాం" అని ముగించావు. ఇంట్లో వాళ్ళు మాత్రం నీ జబ్బు వల్ల వచ్చారనుకుంటున్నారు. మీ ఇంటి సమస్య ఇదొక్కటే. మిగతావన్నీ దీని వల్ల పుట్టినవే.

2023 మార్చిలో ఫ్రెడ్డీ తుపాను మలావి దక్షిణాన్ని ముంచేసింది. ఆరు నెలల వాన ఆరు రోజుల్లో కురిసింది. బ్లాంటైర్ చుట్టూ కొండలు జారి పేదల ఇళ్ళ మీద పడ్డాయి. చనిపోయినవాళ్ళూ ఆచూకీ దొరకనివాళ్ళూ కలిపి వెయ్యి దాటారు. అప్పటికే ఆ దేశం కలరాతో అల్లాడుతోంది. మీ ఆయన బ్లాంటైర్‌లోని చిలోబ్వేలో బురదని చేతులతో తోడి, తన దగ్గర వచనాలు అప్పజెప్పిన పిల్లల్నే బయటికి తీసి, వాళ్ళకి సమాధి కార్యక్రమం చేశారు. ఆ తర్వాత కూడా ఏడాదికి పైగా అక్కడే ఉండి, మిగిలిన కుటుంబాలకి బియ్యం, పిండి మోశారు. అలాంటి మనిషికి నిద్ర పట్టకపోతే అందులో సిగ్గుపడాల్సింది ఏముంది? విశ్వాసం తగ్గి వచ్చింది కాదమ్మా ఇది. ఇది జబ్బు, దీనికి వైద్యం ఉంది. నర్సువి నువ్వు, నీకు నేను చెప్పాలా?

కానీ ఆయన ఈ మాట తండ్రికి చెప్పలేదు. "అమ్మాయికి మలేరియా పట్టుకుంది, కొన్నాళ్ళు సెలవు మీద వచ్చాం" అన్నారు. నీకు రెండుసార్లు మలేరియా వచ్చింది నిజమే. మందులు వాడావు, రెండుసార్లూ తగ్గింది. తండ్రి ఎదుట తల దించుకోవాల్సి వస్తుందని నిన్ను అడ్డం పెట్టుకున్నారు. కరువొచ్చి ఐగుప్తుకి వెళ్ళినప్పుడు అబ్రాహాము ప్రాణభయంతో భార్య శారాను చెల్లెలని చెప్పాడు కదా. నువ్వు పాస్టరుగారి కోడలివి, ఆ అబద్ధం వల్ల ఎవరు ఇబ్బంది పడ్డారో నీకే బాగా తెలుసు.

ఆ ఒక్క మాట మీ అందరి చేతులూ ఎలా కట్టేసిందో చూడు. సెలవు మీద వచ్చినవాళ్ళకి బడెందుకని బాబుని ఇంట్లో కూర్చోబెట్టారు. సెలవు మీద వచ్చినదానివి ఉద్యోగానికి ఎలా వెళ్తావు? సూట్‌కేసులు ఇప్పటికీ మంచం కిందే ఉన్నాయన్నావు. శుక్రవారం స్త్రీల కూటమిలో నీ బలహీనత కోసం ప్రార్థన చేస్తారు, నువ్వు తల వంచుకుని ఆమెన్ అంటావు. మొన్నొక ఆదివారం మామయ్యగారు నాగలి మీద చెయ్యిపెట్టి వెనక్కి చూసేవాడు దేవుని రాజ్యానికి తగడన్న వచనం తీసుకుని గంటసేపు చెప్పారట, చెబుతున్నంతసేపూ చూపు నీ మీదే ఉందట. అసలు ఆ మాట ఎవరికి తగలాలో ఆయనకి తెలియదు. తగిలినవాడు నీ పక్కనే కూర్చుని నోరు విప్పలేదు. నాకు కోపం వచ్చింది ఆ చోటే.

ఇందులో అత్తయ్యగారు ఆవిడకి తెలిసిన ప్రేమ చూపిస్తున్నారు, కషాయం కాచి ఇస్తున్నారు. ఆవిడతో నీకు తగవు లేదు. మీ ఆలుమగల మధ్య కూడా పెద్ద తగవేమీ లేదు. చిక్కంతా తండ్రీ కొడుకుల మధ్య ఉంది. ఇద్దరు బిడ్డలు పోయాక పుట్టిన కొడుకుని, తొట్టెలో ఉండగానే సేవకి ఇచ్చేస్తానని మొక్కుకున్నారు మీ మామయ్యగారు. ఊరంతా ఆ సాక్ష్యం ఎన్నోసార్లు విన్నది. అలా పెరిగిన పిల్లవాడు 36 ఏళ్ళొచ్చినా తండ్రికి ఎదురుగా "నాన్నా, నా వల్ల కాలేదు" అని అనలేడు. ఆ మాట అంటే తండ్రి మొక్కే అబద్ధమైపోతుందని ఆయన భయం. బైబిల్లో అలాగే మొక్కుకున్న హన్నా కూడా కొడుకుని మందిరంలో వదిలేసి ఊరుకోలేదు, ఏటేటా వాడి ఒంటికి సరిపడే అంగీ కుట్టి పట్టుకెళ్ళింది. ఏడేళ్ళలో మీ మామయ్యగారు ఫోన్‌లో ఎంతమంది బాప్తిస్మం తీసుకున్నారని అడిగేవారట. నువ్వెలా ఉన్నావురా అని ఒక్కసారైనా అడిగినట్టు నీ ఉత్తరంలో లేదు.

ఆయన మాటమాటకీ జాన్ రంగయ్యగారి పేరు ఎత్తుతారన్నావు. గొప్ప మనిషే. 1903లో నెల్లూరు తెలుగు బాప్టిస్టులు పంపితే దక్షిణాఫ్రికాలోని నేటాల్ వెళ్ళి, చెరుకు తోటల్లో పనిచేసే మన తెలుగు కూలీల మధ్య సంఘాలు కట్టారు. 1915లో అక్కడే కన్నుమూశారు. ఆయన వెంట భార్యా పిల్లలు కూడా ఓడ ఎక్కారు, సాక్ష్యాల్లో వాళ్ళ ఊసు తక్కువ. మామయ్యగారికి గుంటూరు చరిత్ర కూడా తెలిసే ఉంటుంది. 1842లో గుంటూరు వచ్చి బళ్ళు పెట్టిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ నాలుగేళ్ళు కాకుండానే అమెరికా వెళ్ళిపోయారు. మళ్ళీ వచ్చారు, మళ్ళీ వెళ్ళారు. రాజమండ్రి మిషను చేజారిపోతుందని తెలిసి 1869లో, 76 ఏళ్ళ వయసులో, మూడోసారి వచ్చారు. ఇంటికి వెళ్ళిపోయాడని గుంటూరులో ఆయన్ని ఎవరూ తక్కువ చేసి మాట్లాడరు. బైబిల్లో చూడు, సువార్త యాత్ర మధ్యలో పంఫూలియ నుంచి ఇంటికి తిరిగొచ్చేసిన మార్కుని పౌలు మొదట వద్దన్నాడు, ఆఖరికి "అతణ్ణి వెంటబెట్టుకు రా" అని కబురు పెట్టింది కూడా ఆ పౌలే.

కోడలు మామగారి ముందు తగ్గి ఉండాలంటే నేనూ ఒప్పుకుంటాను. పెద్దాయన గదిలోకి వస్తే లేచి నిలబడు, అన్నం వడ్డించు, కోపంలో ఒక మాటంటే పడు. నీది కాని తప్పు మాత్రం నెత్తిన వేసుకోకు. భర్త గౌరవం కాపాడటం భార్య ధర్మమే. అయితే ఈ అబద్ధం ఆయన గౌరవాన్ని కాపాడటం లేదు, ఆయన జబ్బుని కప్పిపెట్టి ముదరబెడుతోంది. రోగం దాచిపెట్టి మనిషిని కాపాడుకున్న ఇల్లు నేనింతవరకూ చూడలేదు.

అలాగని నువ్వు వెళ్ళి మామయ్యగారికి చెప్పకు. అత్తయ్యగారి చెవిన కూడా వేయకు. నువ్వు చెబితే కోడలు మొగుడి మీద చాడీ చెప్పిందవుతుంది, ఇక జన్మలో మీ ఆయన నిన్ను నమ్మరు. చెప్పాల్సింది ఆయనే, తన నోటితో, తండ్రి ఎదురుగా కూర్చుని. నీ పని ఆయన్ని అందుకు సిద్ధం చేయడం.

ఇంట్లో మాట్లాడకు, మీ ఇంట్లో గోడలకి చెవులున్నాయి. పిల్లల్ని అత్తయ్యగారి దగ్గర వదిలి, ఏదో పనుందని బండి మీద తెనాలి వెళ్ళండి. దారిలో కాలవ గట్టున ఆగి చెప్పు. నిందలు వద్దు. "మీరు చేసిన సేవ నేను కళ్ళారా చూశాను. మీరు ఓడిపోయారని నేను ఒక్క రోజూ అనుకోలేదు. కానీ నా జబ్బు పేరు చెప్పుకుని ఇక బతకలేను. మామయ్యగారికి మీరే చెప్పండి, నేను పక్కనే కూర్చుంటాను" అను. ఆయన ఏడిస్తే ఏడవనీ. మౌనంగా ఉండిపోతే వారం ఆగి మళ్ళీ అడుగు. నెలాఖరుదాకా చూడు. అప్పటికీ చెప్పకపోతే నువ్వు మాత్రం అబద్ధం మానెయ్. ఎవరైనా ఆరోగ్యం ఎలా ఉందమ్మా అంటే, "నేను బాగానే ఉన్నాను, దేవునికి స్తోత్రం" అని ఊరుకో. అంతకు మించి ఒక్క ముక్క చెప్పక్కర్లేదు. ఎప్పుడు వెళ్తున్నారని అడిగితే, "అది ఆయన్నే అడగండి" అను.

వైద్యం మాత్రం నెలాఖరుదాకా ఆపకు. 14416కి ఫోన్ చేయించు. టెలి మానస్ అని ప్రభుత్వం 2022లో పెట్టిన ఉచిత సర్వీసు, రాత్రైనా పగలైనా పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు. గుంటూరు ప్రభుత్వ జనరల్ ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, అక్కడ చూపించండి. చచ్చిపోవాలన్న మాట ఎప్పుడైనా ఆయన నోట వస్తే ఎవరికి తెలుస్తుందోనని చూడకుండా ఆ పూటే ఆస్పత్రికి తీసుకెళ్ళు. ప్రార్థన చాలదా అని ఆయన అంటే ఏలీయాని గుర్తుచేయి. ఇక చాలు, ప్రాణం తీసుకో ప్రభువా అని బదరీ చెట్టు కింద పడుకున్న ప్రవక్తకి దేవుడు ముందు రొట్టె పెట్టాడు, నిద్రపోనిచ్చాడు, మళ్ళీ లేపి రొట్టె పెట్టాడు. ఎందుకు పారిపోయి వచ్చావని ఆ చెట్టు కింద ఒక్క మాట అడగలేదు.

ఇంకో సంగతి. మీలో ఎవరికి జ్వరం వచ్చినా మలావి నుంచి వచ్చామని డాక్టరుకి మొదటే చెప్పండి. అది వైరల్ అని ఇంట్లో పారాసిటమాల్ వేసుకుని ఊరుకోవద్దు.

మీ మామయ్యగారు అరవొచ్చు. రెండు పూటలు అన్నం ముట్టకపోవచ్చు. చెడ్డమనిషి కాడు, కొడుకు ఆ బురదలో ఏం చూశాడో తెలిస్తే ఆ నాగలి వచనం మళ్ళీ ఎత్తడని నా నమ్మకం. ఏమైనా, ఆ తర్వాత ఆ ఇంట్లో ఉండకండి. తెనాలిలో రెండు గదుల పోర్షన్ అద్దెకి చూసుకోండి. పంపిన సంఘం పెద్దల్ని కూర్చోబెట్టి, మేం తిరిగి వెళ్ళడం లేదు, నిలదొక్కుకునేదాకా కొన్ని నెలలు సహాయం చేయండి అని మీ ఆయనే అడగాలి. వెళ్ళేటప్పుడు దండలు వేసి సాగనంపినవాళ్ళకి, వచ్చాక అన్నం తిన్నారా అని అడిగే బాధ్యత కూడా ఉంది. నీ నర్సింగ్ రిజిస్ట్రేషన్ గడువు ఎప్పటిదో చూసుకుని, దాటిపోతే రెన్యువల్‌కి పెట్టు. ఆయన కోలుకునేదాకా ఇల్లు నీ జీతం మీద నడుస్తుంది. అందులో ఆయనకి చిన్నతనం ఏమీ లేదు.

ఇక బాబు. వాడు సండే స్కూలంటే ఎందుకు ఏడుస్తున్నాడని అనుకుంటున్నావు? తెలుగు రాకనా? మీ ఆయన పూడ్చిన ఆ పిల్లలు ఏ సండే స్కూలు వాళ్ళు? వాడి పక్కన కూర్చుని పాటలు పాడిన పిల్లలే కదా. అప్పటికి వాడికి ఆరేళ్ళు, అన్నీ తెలుస్తాయి. ఇన్నాళ్ళలో వాళ్ళ పేర్లు ఇంట్లో ఎవరైనా ఎత్తారా? నువ్వు ఎత్తు. వాళ్ళ గురించి వాడితో వాడికొచ్చిన భాషలోనే మాట్లాడు, ఏడిస్తే పక్కన కూర్చో. అప్పటిదాకా సండే స్కూలుకి పంపకపోయినా పరవాలేదు. పాస్టరుగారి మనవడు రాలేదని నలుగురూ అంటే అననీ.

తాతగారు బిస్కెట్ ఇస్తే వాడు గొంతుకూర్చుని, రెండు చేతులూ దొప్పలా చేసి మెల్లగా తట్టి అందుకుంటాడట. మేనత్త పిల్లలు నవ్వుతున్నారట, అత్తయ్యగారు కోతి వేషాలు అన్నారట. మలావిలో పెద్దల దగ్గర ఏదైనా పుచ్చుకునే మర్యాద అది. బిడ్డ మన తాతకి తనకి తెలిసిన పద్ధతిలో దణ్ణం పెడుతున్నాడు. ఈ మాట ఆ ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పు, ఇది చెప్పడానికి మీ ఆయన అనుమతి అక్కర్లేదు. వాడితో ఆ మర్యాద మాన్పించకు, చిచేవా కూడా మాన్పించకు. మొక్కజొన్న పిండి మన దగ్గరా దొరుకుతుంది. వారానికోసారి మన సంకటి గెలికినట్టే గెలికి, వాడడుగుతున్న ఎన్సిమా చేసి పెట్టు.

బడి వాళ్ళు అక్కడి సర్టిఫికెట్లు చెల్లవనో, సంవత్సరం మధ్యలో కుదరదనో అంటే వెనక్కి రాకు. విద్యాహక్కు చట్టం ప్రకారం వయసుకి తగిన తరగతిలో చేర్చుకోవాలి, గడువు దాటిందని కాదనకూడదు, వెనకబడిన పిల్లలకి విడిగా చెప్పాల్సిన బాధ్యత కూడా బడిదే. సోమవారం ఉదయం మీ ఇద్దరూ కలిసి వెళ్ళండి. ఫారంలో తండ్రి సంతకం మీ ఆయన చేత పెట్టించు, చిరునామా దగ్గర ఈ ఊరి పేరే రాయించు.