ట్యాంకు నిండినా నా ఫోన్‌లో 42 శాతమే

"మా ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో ట్యాంకులకీ, మోటారుకీ, కామన్ లైట్లకీ వైర్‌లెస్ సెన్సార్లు పెట్టి పాత ప్యానెల్‌కి కలుపుదామనుకుంటున్నాం, ఏ కంపెనీవి మంచివి?" అని మీ ప్రశ్న. కంపెనీ సంగతి తర్వాత. ముందు మా ట్యాంకు కథ చెప్పాలి.

నేను హైదరాబాద్‌లో ఓ ఐటీ టవర్‌లో పదకొండేళ్లు బీఎంఎస్, అంటే బిల్డింగ్‌లోని యంత్రాలన్నిటినీ ఒకచోట నుంచి నడిపే కంప్యూటర్ వ్యవస్థ, చూశాను. ఏసీకి నీళ్లు చల్లబరిచే చిల్లర్లు, చల్లగాలి పంపే ఏహెచ్‌యూలు, ఫైర్ పంపులు అన్నీ ఒకే స్క్రీన్ మీద. ఈ సంగతి తెలిసి మా అసోసియేషన్ వాళ్లు నన్నే సెక్రెటరీని చేశారు. సొంత కొంప దగ్గరికొచ్చేసరికి ఆ అనుభవం ఎందుకూ పనికిరాలేదు.

మాది మియాపూర్ వైపు, 40 ఫ్లాట్లు. సెల్లార్‌లో 30 వేల లీటర్ల సంపు, పైన 15 వేల లీటర్ల ట్యాంకు. టెర్రస్ నుంచి సెల్లార్‌కి వైరు లాగుదామంటే దారే లేదు. బిల్డరు కట్టేటప్పుడు ఒక అంగుళం ఖాళీ పైపు గోడలో వదిలేసి ఉంటే పని అయిపోయేది. లాబీలో గ్రానైట్‌కి లక్షలు పోస్తారు గానీ ఖాళీ పైపు మాత్రం వెయ్యరు! పోనీ బయటి గోడ మీదుగా పైపు దింపుదామంటే మూడో అంతస్తు ఆయన తన బాల్కనీ ముందు అందం పోతుందని మీటింగులో గంటన్నర కూర్చోబెట్టాడు. అలా వైర్‌లెస్‌కి వెళ్లాం. ట్యాంకు మూతకి శబ్ద తరంగాలతో నీటిమట్టం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సార్, సెల్లార్ పంపు రూములో ఆ సెన్సార్ కబురు అందుకునే గేట్‌వే పెట్టె, దాన్నుంచి మోటారు స్టార్టర్‌కి ఆన్, ఆఫ్ చేసే రిలే. డెమో రోజున యాప్‌లో నీళ్లు పెరగడం చూసి అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరూ ముట్టుకోకుండా ప్యానెల్‌కి తాళం వేయించి, తాళంచెవి నా దగ్గర పెట్టుకున్నాను. ఆ తెలివి నాదే.

సంక్రాంతికి బిల్డింగ్ సగం పైగా ఖాళీ అయింది. నేను తణుకులో ఉన్నాను. కనుమ నాడు గారెలు, కోడికూర ముందు కూర్చున్నానో లేదో వాచ్‌మన్ యాదయ్య ఫోన్. "సార్, ట్యాంకు నిండి పొర్లుతున్నది, మోటారు ఆగుతలేదు." ఫోన్‌లో చూశాను. 42 శాతం. పక్కన పచ్చ చుక్క, 'ఆన్‌లైన్'. "నువ్వు చూసింది పక్క బిల్డింగ్‌దేమోరా, ఇక్కడ 42 చూపిస్తోంది" అన్నాను. పది నిమిషాలకి మళ్లీ చేశాడు. ఈసారి కసిరాను. మూడోసారి వీడియో కాల్ చేశాడు. నీళ్లు మెట్ల మీద నుంచి దిగుతున్నాయి. 400 కిలోమీటర్ల అవతల కూర్చుని, ట్యాంకు పక్కన నిలబడ్డవాడి మాట కాదని ఫోన్ మాట నమ్మాను. తాళంచెవేమో నా బ్యాగులో ఉంది.

టెర్రస్ మీద నీళ్లు పోయే కంతలో తెగిన గాలిపటాలు, మాంజా దారం ఇరుక్కున్నాయట. అందుకని నీళ్లన్నీ మెట్ల వైపు, అక్కణ్నుంచి లిఫ్ట్ గోతిలోకి దారి చూసుకున్నాయి. మెయిన్ దించమని నేను చెప్పేలోపే మోటారు తనంతట తాను ఆగింది. ఆపింది మన స్మార్ట్ సెన్సార్ కాదు, సంపు అడుగంటితే మోటారు కాలకుండా ఎప్పుడో ఎలక్ట్రీషియన్ వైరుతో వేలాడదీసిన ఫ్లోట్ బాల్. లిఫ్ట్ తొమ్మిది రోజులు పడుకుంది. ఆ తొమ్మిది రోజులూ వాట్సాప్ గ్రూపులో నాకు జరిగిన సన్మానం వేరే చెప్పాలి.

కారణం వింటే నవ్వొస్తుంది. ఊరు ఖాళీ అయింది, దొంగల భయం అని యాదయ్య సెల్లార్ ఇనప షట్టర్ దించాడు. అంతకుముందు దాన్ని ఎప్పుడూ దించలేదు. మా సెన్సార్ వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ రకం. అన్ని కాంక్రీటు స్లాబుల్లోంచి ఆ సిగ్నల్ రాదు, ఇన్నాళ్లూ బయట్నుంచి ర్యాంప్ దారిలో ఎలాగో దూరి వచ్చేది. షట్టర్ పడగానే ఆగిపోయింది. మోటారుని నడిపే గేట్‌వేమో చివరగా విన్న 42నే పట్టుకుని కూర్చుంది. ఆ పచ్చ చుక్క గేట్‌వేకి ఇంటర్నెట్ ఉందని చెబుతోంది తప్ప సెన్సార్ బతికుందని కాదు. గేట్‌వేకి నెట్ కేబుల్ మీద వస్తోంది మరి.

కాబట్టి నా మాట ఇది. నీళ్లెంత ఉన్నాయో చూసుకోవడానికి వైర్‌లెస్ పెట్టుకోండి. మోటారు ఆపే అధికారం మాత్రం వైరుకే ఇవ్వండి. ఇప్పుడు మా పై ట్యాంకులోనూ ఫ్లోట్ ఉంది, దాని వైరు బయటి గోడ మీద పైపులోంచే దింపాం. బాల్కనీ ఆయన ఆ పైపుకి నోరెత్తలేదు, లిఫ్ట్ లేక మోకాళ్లు నొప్పులు పుట్టింది ఆయనకే కదా. సెన్సార్ ఐదు నిమిషాలు పలక్కపోతే మోటారు ఆగేలా మార్పించాం. ఆటో, మాన్యువల్ స్విచ్ యాదయ్య చేతిలో ఉంది. సెన్సార్ కూడా మార్చి లోరా రకం, అంటే తక్కువ కరెంటుతో దూరం వెళ్లే రేడియో రకం, పెట్టాం. మన దేశంలో లైసెన్స్ అక్కర్లేకుండా వాడుకునే 865-868 మెగాహెర్ట్జ్‌లో నడిచేదే తీసుకోండి. అమెరికా వాళ్ల 915 రకం చవగ్గా దొరికిందని ఆన్‌లైన్‌లో తెప్పించుకోకండి. గేట్‌వే నుంచి ఆర్‌ఎస్-485 అనే వైరు కనెక్షన్ మీద మోడ్‌బస్, అంటే ప్యానెళ్లు మాట్లాడుకునే పాత భాష, వస్తుందో లేదో అడగండి, లేకపోతే మీ పాత ప్యానెల్‌తో అది మాట్లాడకపోవచ్చు. యాప్ ఉంది కదా అంటారు. ఆ కంపెనీ సర్వర్ మూసేస్తే యాప్‌ని ఏం చేసుకుంటారు?

ఇంకో చిరాకు బ్యాటరీలు. పదేళ్లు వస్తాయని బ్రోచర్‌లో ఉంటుంది, గంటకోసారి పంపితేనని కింద చీమతల అక్షరాల్లో ఉంటుంది. మోటారుకి గంటకోసారి చెబితే ఏం లాభం? చలికాలం పొద్దున్నే సెన్సార్ ముఖానికి ఆవిరి చెమ్మ పట్టి లెక్క తప్పడం కూడా ఉంది. దాన్ని తుడవడానికి మళ్లీ మనిషే ఎక్కాలి.

వైర్‌లెస్‌ని పూర్తిగా తిట్టను. ఆఫీసుల్లో అద్దెకొచ్చినవాళ్లు పార్టిషన్లు మార్చినప్పుడల్లా వైర్లు పీకి వేయలేక మేమూ వైర్‌లెస్ టెంపరేచర్ సెన్సార్లే పెట్టాం. ఒకసారి కార్పెంటర్ దాని ముందు బీరువా కట్టేశాడు. ఆ గదిలో జనం వణుకుతుంటే మా స్క్రీన్ ఉక్కపోత అనేది. అది వేరే కథ.

కంపెనీ అడిగారు కదా. కొటేషన్ ఇచ్చినవాళ్లందర్నీ పిలవండి. మీ సెల్లార్ షట్టర్ పూర్తిగా దించి, లోపల లైట్ వేసుకుని, అప్పుడు డెమో చూపించమనండి. మా దగ్గర నలుగురొస్తే ఒక్కడే నిలబడ్డాడు.